వీలుకప్ గారికి పలాస గుమాస్తా వ్రాయునది

మహారాజశ్రీ వీలుకప్ గారి సముఖమునకు, పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి వ్రాయునది ఏమనగా:

తమరు ఎక్సెల్‌లో ఒక ఫార్ములా; మా కొట్టులో తమరి ఉద్యోగం చిన్నదే. బిల్లులోని గ్రేడు పేరు పట్టుకుని ధరల పట్టికకు వెళ్లి, మొదటి నిలువు వరుసలో వెతికి, దాని ఎదుట ఉన్న కిలో ధర తెచ్చి ఇవ్వాలి. బిల్లింగు సాఫ్ట్‌వేరును కొత్త వెర్షనుకు మార్చిన మరునాడే తమరు ప్రతి గడిలోనూ ‘ఎన్‌ఏ’, అంటే దొరకలేదు, అని చేతులెత్తేశారు. పట్టికలోనూ డబ్ల్యూ240 అనే గ్రేడు ఉంది, బిల్లులోనూ ఉంది. నా కళ్లకు రెండూ కవలలే.

అప్పుడు నేను చేసిన తప్పు దాచను. ఫార్ములా చివర, అచ్చంగా సరిపోయినదే తెమ్మని చెప్పే ‘ఫాల్స్’ను కామాతో సహా తీసేశాను. ఎన్‌ఏలన్నీ మాయమయ్యాయి, ఒక్క డబ్ల్యూ180 దగ్గర తప్ప. షావుకారు గారు సంతోషించి టీ తెప్పించారు.

మూడో రోజు విజయనగరం మిఠాయి దుకాణం వారు ఫోన్ చేసి, 240 రకం పంపి 210 ధర వేశారేమని నిలదీశారు. (పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ.) తీరా చూస్తే 320కి 240 ధర, 240కి 210 ధర, 210కి 180 ధర! సర్వీసు చూడకుండా అందరికీ ఒక మెట్టు ప్రమోషన్ ఇచ్చేశారు. పైన ఖాళీ లేని 180 మాత్రం ఎన్‌ఏగా మిగిలిపోయింది.

అక్షరాలు లెక్కపెట్టే ‘లెన్’తో కొలిస్తే పట్టికలోని డబ్ల్యూ240కి నాలుగు అక్షరాలకు బదులు ఐదు తేలాయి. కొత్త వెర్షను పట్టికను బయటికి ఇచ్చేటప్పుడు ప్రతి పేరు చివరా కనబడని ఖాళీ ఒకటి అతికిస్తోంది. మామూలు ఖాళీ అయితే ‘ట్రిమ్’ ఊడ్చేసేది; ఇది అక్షర సంకేతాల్లో 160 నంబరు ఖాళీ, ఒకదాని బదులు మరొకటి పెట్టే ‘సబ్‌స్టిట్యూట్’తో పట్టి తీయాలి. ఆ తోక వల్ల పట్టికలోని 240 తమరి లెక్కలో బిల్లులోని 240 కంటే పెద్దదైంది కనుక, దాన్ని దాటకుండా తమరు వెనకున్న 210 దగ్గరే ఆగి, ఆ ధరే తెచ్చారు.

ఎన్‌ఏ అన్న రోజున తమరు నిజమే చెప్పారు, విసుక్కున్నది నేను. కానీ ఆ ‘ఫాల్స్’ అనే నాలుగో మాట చెప్పకపోతే ఉజ్జాయింపుగా తెమ్మన్నట్టే భావించే అలవాటు తమకెవరు నేర్పారు? ధర అడిగేవాడు ఉజ్జాయింపు ధర అడుగుతాడా? 2019లో ప్రకటించిన తమరి తమ్ముడు ఎక్స్‌లుకప్, ఎవరూ చెప్పకపోయినా అచ్చంగా సరిపోయినదే వెతుకుతాడట. మా ఎక్సెల్ 2016ది, అందులో అతను లేడు.

ఖాళీలు తీసేశాను, ‘ఫాల్స్’ను తిరిగి పెట్టాను. ఇక విజయనగరం వారికి క్రెడిట్ నోటు రాయాలి. అందులో ధరలు మాత్రం ఈసారి నా చేత్తోనే వేస్తాను.

ఇట్లు,
తమరి గుమాస్తా