వెన్నుగట్టుకు ఒక దారి కావాలి

చెన్నై నుంచి ఊత్తుకోట మీదుగా 70 కిలోమీటర్ల పైచిలుకు వెళితే నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తల్లి పేరిట వెలసిన ఊరు. వేదనారాయణ స్వామి దర్శనానికి వచ్చేవారూ, ఆదివారాల్లో మడుగుల్లో ఈతకు దిగేవారూ ఈ కొండలకు కొత్త కాదు. కోనలకు పైన కొండకు వెన్నెముకలా సాగే వెన్నుగట్టు మీద నడిచేవారు మాత్రం అరుదు. అక్కడికి అనుమతితో కూడిన ఒక్క దారైనా తెరవాలని ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖను కోరుతున్నాం.

దారి లేకపోతే ఏమవుతుందో ఈ కొండల తీరే చెబుతుంది. ఇది పొరలు పొరలుగా ఉన్న గట్టి క్వార్ట్జైట్ రాయి. గట్టు పైభాగం నడవడానికి సులువే, అంచులు మాత్రం నిలువునా తెగిపోయి ఉంటాయి. తప్పిపోయినవారు నీటి వెంట దిగితే ఊరు చేరతామనుకుంటారు. ఇక్కడ వాగు మెట్టు మెట్టుగా దూకుతుంది. రెండు మెట్లు జారుతూ దిగాక, మూడోచోట యాభై అడుగుల గోడ ఎదురైతే కిందికి దిగలేరు, నాచుపట్టిన బండ మీద తిరిగి ఎక్కలేరు. కోన అడుగున సెల్ సిగ్నల్ కూడా అందదు. దారి తప్పిందని అనుమానం రాగానే వచ్చిన దారినే గట్టు మీదికి తిరిగి ఎక్కి, సిగ్నల్ దొరికినచోట ఆగి, 112కు ఫోన్ చేసి, ఫోన్‌లోని జీపీఎస్ అంకెలు చదివి చెప్పాలి.

గట్టు మీద నీళ్లు దొరుకుతాయని నమ్ముకోకూడదు. మనిషికి 4 లీటర్లు మోయాల్సిందే. డిసెంబరులో ఆరు గంటలకు ముందే పొద్దుగుంకుతుంది కాబట్టి, ఎంత దూరం వెళ్లినా మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలి.

నిప్పు సంగతి ఇంకా ముఖ్యం. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చుకు చిక్కి, కొండ నడకకు వెళ్లిన 23 మంది ప్రాణాలు కోల్పోయారు. చెన్నై నుంచి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. ఎండుగడ్డి వాలులో మంట పైకే వేగంగా పాకుతుంది, పరుగెత్తి దాన్ని మించలేం. గడ్డి మొలవని పరుపుబండో, అప్పటికే కాలిన నేలో దగ్గరుంటే అటే వెళ్లాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా గట్టును మూసే ఉంచాలని మేమే అంటున్నాం.

ఆ విషాదం తర్వాత తమిళనాడు నిషేధంతో సరిపెట్టుకోలేదు. నిబంధనలు తెచ్చి, 2024 అక్టోబరులో 40 దారులను ఆన్‌లైన్ అనుమతితో, స్థానిక గైడ్లతో తెరిచింది. నాగలాపురం కొండలు ఆంధ్ర పరిధిలోవి కనుక ఆ అనుమతి ఇక్కడ చెల్లదు. ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉండే జిల్లా కూడా ఇదే. అనుమతి చీటీ లేకుండా అడవిలో తిరిగే కుర్రాళ్లు అటు చట్టానికీ, ఇటు ప్రమాదానికీ చిక్కుతున్నారు.

కావలసింది పెద్ద ఖర్చు కాదు. రోజుకు పరిమిత సంఖ్యలో అనుమతులు, కొండ కింది పల్లెల యువకులకు గైడ్లుగా శిక్షణ, రుసుములో వారికి వాటా, ఎక్కినవారంతా దిగారో లేదో సాయంత్రం సరిచూసే పుస్తకం, దారి చీలే ప్రతిచోటా బండపై బాణం గుర్తు. గుర్తులు వేసే పని ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన వెంటనే మొదలుపెట్టాలి. ఏ వాగు ఎక్కడ తెగి దూకుతుందో అప్పుడే కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.