లీజు అయిపోయిన పాటలు

మన టెక్సాస్ ఆస్టిన్‌లో పాతకాపులు ఎవరితో మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది: "అసలైన ఆస్టిన్ నువ్వు రాకముందే అయిపోయింది." 1975లో వచ్చినవాళ్లు ఈ మాట 1990లో వచ్చినవాళ్లతో అంటారు. వాళ్లు 2005లో వచ్చినవాళ్లతో అంటారు. ఈ విద్య మన తెలుగువాళ్లకూ పట్టుబడింది. శివారు ఊరు సీడర్ పార్కులో ఎప్పుడో ఇల్లు కొనుక్కున్న అన్నగారు, కోవిడ్ తర్వాత కాలిఫోర్నియా నుంచి దిగిన కుర్రాడికి "అప్పట్లో ఈ రోడ్డు మీద కార్లే ఉండేవి కావు" అని చెప్పకుండా కాఫీ కప్పు కింద పెట్టరు.

పాతకాపుల బెంగ మాత్రం రోడ్ల గురించీ ఇళ్ల ధరల గురించీ కాదు. పాటల చోట్ల గురించి, అంటే బ్యాండ్లు వాయించే హాళ్లూ బార్ల గురించి. ఆర్మడిల్లో, లిబర్టీ లంచ్, వల్కన్ గ్యాస్ కంపెనీ, రౌల్స్... పేర్లు చెబుతుంటే గొంతు మారిపోతుంది. ఆ బెంగలో సగం వయసు బెంగే అని నా అనుమానం. ఇరవై ఏళ్లప్పుడు విన్న పాట అందరికీ గొప్పదే. మిగతా సగం మాత్రం నిజం. అందులో మన కథ కూడా ఉంది కాబట్టే మన తెలుగు సంఘం పత్రికలో రాస్తున్నాను.

ఆర్మడిల్లో వరల్డ్ హెడ్‌క్వార్టర్స్ సంగతి ముందు చెప్పాలి. పేరు చూసి ఏ బహుళజాతి కంపెనీయో అనుకుంటారు గానీ, అది బార్టన్ స్ప్రింగ్స్ రోడ్డూ సౌత్ ఫస్ట్ వీధీ కలిసే దగ్గర నేషనల్ గార్డ్ అనే సైనిక దళం వాళ్లు వదిలేసిన ఒక పాత షెడ్డు. ఎడ్డీ విల్సన్ అనే ఆయన, షివాస్ హెడ్‌బ్యాండ్ అనే బ్యాండుకు మేనేజరు, 1970 ఆగస్టులో దాన్ని అద్దెకు తీసుకుని తెరిచాడు. ఏసీ లేదు. మొదట్లో కుర్చీలు కూడా లేవు. పాత కార్పెట్ ముక్కలు పరిచి, జంపఖానా మీద హరికథకు కూర్చున్నట్టు జనాన్ని నేల మీదే కూర్చోబెట్టారు. ఆగస్టులో ఆస్టిన్ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రేకుల కింద పదిహేను వందల మంది.

1972 ఆగస్టులో కంట్రీ సంగీతం పాడే విల్లీ నెల్సన్ అక్కడ మొదటిసారి పాడాడు. అప్పటికి టెక్సాస్‌లో జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు ఒక జాతి, కౌబాయ్ టోపీలు పెట్టుకున్నవాళ్లు మరో జాతి. ఎదురుపడితే కొట్టుకునేవాళ్లు. ఇద్దరూ ఒకే షెడ్డులో ఒకే పాట వినడం మొదలైంది. ఆస్టిన్ అనగానే ఇవాళ మనకు తట్టే సంగీతం చాలావరకు ఆ కలయిక నుంచి పుట్టిందే. 1977లో ఏసీ డీసీ అనే రాక్ బ్యాండు అమెరికాలో తమ మొట్టమొదటి ప్రదర్శన ఇచ్చిందీ ఆ షెడ్డులోనే. వీటన్నిటికంటే నాకు నచ్చిన విషయం ఇంకొకటుంది. ఆస్టిన్ బ్యాలే థియేటర్ వాళ్లు నెలకో ఆదివారం అదే వేదిక మీద బ్యాలే ఆడేవాళ్లు. శనివారం రాత్రి రాక్, మర్నాడు బ్యాలే. బీరు సీసాల మధ్యనే పిల్లలూ ముసలివాళ్లూ కూర్చుని చూసేవాళ్లు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

పేరు అంతగా మోగినా డబ్బులు మాత్రం ఎప్పుడూ కటకటే. టిక్కెట్లు చవక, పనిచేసేవాళ్లలో చాలామంది జీతం లేనివాళ్లు, మధ్యలో దివాలా దాకా వెళ్లింది. ఈలోగా నది పక్కనున్న ఆ స్థలానికి రేటు పెరిగింది. స్థలం యజమాని అమ్మేశాడు. 1980 డిసెంబరు 31 రాత్రి చివరి కచేరీ అయింది, తర్వాత షెడ్డు కూల్చేశారు. ఆ చోట వన్ టెక్సాస్ సెంటర్ అనే 13 అంతస్తుల ఆఫీసు భవనం లేచింది. కొన్నేళ్లకు దాన్ని నగరపాలక సంస్థే తన ఆఫీసులకు వాడుకుంది. కొత్త ఇంటి ప్లాను పట్టుకుని వన్ టెక్సాస్ సెంటర్‌లో లైన్లో నిలబడ్డవాళ్లు మనలో ఎందరో ఉంటారు. నిలబడింది ఆ నేల మీదే.

నేను 1998లో వై2కే కోడు (2000 సంవత్సరం తేదీల చిక్కు) దిద్దడానికి వచ్చిన బాపతు. కాబట్టి ఆర్మడిల్లో గురించి చెప్పేదంతా విన్నదీ చదివిందే. లిబర్టీ లంచ్ మాత్రం చూశాను. డౌన్‌టౌన్‌లో సెకండ్ స్ట్రీట్ మీద, గోడ నిండా రంగుల బొమ్మలతో, సగం షెడ్డులా సగం దొడ్డిలా ఉండేది. ఆఫీసులో పక్క సీటాయన ఒక శుక్రవారం బలవంతంగా తీసుకెళ్లాడు. పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ డ్రమ్ము దెబ్బ నేల మీంచి పాదాల్లోకి రావడం తెలిసింది. చిన్నప్పుడు వినాయక చవితి పందిట్లో, ఆర్కెస్ట్రా వాళ్ల రిథమ్ ప్యాడ్ పక్కన కూర్చున్నప్పుడు తెలిసేది అలా. పైకి చూస్తే ఇనుప దూలాలు. అవి ఆర్మడిల్లో కూల్చినప్పుడు తెచ్చి ఇక్కడ కప్పుకు వేసినవని ఆయనే చెప్పాడు. ఒక చోటు పోయినా దాని ఇనుము మరో చోట పాటలకు నీడ ఇచ్చింది.

అదీ ఎక్కువ కాలం నిలవలేదు. స్థలం నగరానిది. పడమటి వైపు ఎడ్వర్డ్స్ భూగర్భజలాల మీద ఆఫీసులు కట్టనివ్వకుండా కంపెనీలను డౌన్‌టౌన్‌కి రప్పించాలన్నది అప్పటి నగర కౌన్సిల్ విధానం. ఆలోచన చెడ్డదేం కాదు, ఆ నీళ్లు కాపాడవలసినవే. దానిలో భాగంగా కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్‌కు ఆ వీధిలో స్థలాలిచ్చారు. లిబర్టీ లంచ్ 1999 జూలైలో మూతపడింది. మూసేముందు బ్యాండ్లన్నీ చేరి, మూడే కార్డ్స్ (గిటారు మీద కలిపి మీటే స్వరాల గుత్తులు) మీద నడిచే ఒక పాత రాక్ పాటను ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ 24 గంటలు ఆపకుండా వాయించాయి. కోర్టు కేసులు లేవు, ధర్నాలు లేవు. పాడి పాడి అలిసిపోయి ఇళ్లకు వెళ్లారు. ఆ పక్కనే ఇవాళ మనం దీపావళి ఫొటోలు దిగే సిటీ హాల్, 2004లో తెరిచింది.

అంటే లిబర్టీ లంచ్ చోటుకి వచ్చింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. తర్వాత వచ్చినవీ అలాంటివే. మనం చెడగొట్టామని నేను అనను. లీజుల మీద సంతకం పెట్టింది మనం కాదు. కానీ ఏ ఉద్యోగాల వల్ల ఈ ఊరికి వచ్చామో ఆ ఉద్యోగాల వల్లే ఈ ఊళ్లో అడుగు స్థలం బంగారమైంది. తమిళం, తెలుగు, మాండరిన్ వినబడని ఆఫీసు లిఫ్ట్ ఇప్పుడు డౌన్‌టౌన్‌లో ఉందా?

పాతకాపుల జ్ఞాపకాల్లో నాకు ఒక లోటు కనబడుతుంది. ఆర్మడిల్లో టీషర్టు ఎక్కడైనా దొరుకుతుంది. విక్టరీ గ్రిల్ పేరు మాత్రం ఎవరూ ముందు ఎత్తరు. ఈస్ట్ 11వ వీధిలో 1945లో జానీ హోమ్స్ తెరిచాడు దాన్ని. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికులకు ఊళ్లో తెల్లవాళ్ల హోటళ్లలో కూర్చుని తినే హక్కు లేదు, అందుకని. బీబీ కింగ్, బాబీ బ్లాండ్ లాంటి బ్లూస్ గాయకులు పాడిన వేదిక అది. అసలు వాళ్లంతా తూర్పున ఎందుకున్నారు? 1928 నాటి నగర ప్రణాళిక నల్లవారి బడులూ పార్కులూ తూర్పునే పెట్టి వాళ్లను అటు నెట్టింది. తర్వాత మధ్యలో ఐ-35 హైవే పడింది. ఇప్పుడు అదే తూర్పు వైపు కాండో ధరలు చూస్తే మన డైరెక్టర్ స్థాయి జీతాలకే కళ్లు తిరుగుతాయి. ఊరు ముందు వాళ్లను అక్కడికి నెట్టింది, తర్వాత అక్కడినుంచీ నెట్టేసింది. "ఆ రోజులు బంగారం" అనేవాళ్లు ఎవరి రోజులో కూడా చెబితే బాగుంటుంది.

జనం వినడం మానేసినందువల్ల ఇవి మూతపడ్డాయని చాలామంది అనుకుంటారు. నేను నమ్మను. పాటల చోట్లు బతికేది పనికిరాని భవనాల్లో. ఎవరికీ అక్కర్లేని షెడ్డు, పాత కలప అడితి, మూతబడ్డ పెట్రోలు బంకు. నార్త్ లమార్‌లో కెన్నెత్ థ్రెడ్‌గిల్ బంకు అలాంటిదే. మద్యనిషేధం ఎత్తేశాక 1933లో ఈ కౌంటీలో మొదటి బీరు లైసెన్సు తీసుకున్నది ఆయనే. అరవైల మొదట్లో తర్వాత పెద్ద రాక్ గాయని అయిన జానిస్ జాప్లిన్ అనే యూనివర్సిటీ అమ్మాయి అక్కడే వచ్చి పాడేది. 1981లో ఎడ్డీ విల్సన్ దాన్ని భోజన హోటల్‌గా మార్చాడు, 2020లో కోవిడ్‌తో అదీ పోయింది. ఇలాంటి చోట ఆదాయం బీరు మీద, ఖర్చు అద్దె మీద. బీరు ధర ఏదో కాస్త పెంచగలరు. అద్దెకు అడ్డేముంది? పైగా పక్కన అపార్ట్‌మెంట్లు వస్తే చప్పుడు గొడవ మొదలు. ఆరో వీధిలో ఒక హోటల్, తాను వచ్చేనాటికే అక్కడున్న బారు మీద, మోత ఎక్కువైందని కోర్టుకెక్కింది. గుడి పక్కన ఇల్లు కొనుక్కుని గంట మోగకూడదన్నట్టు.

ఇంత జరుగుతున్నా నగరం 1991లోనే "ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధాని" అని బిరుదు తగిలించుకుంది. ఎయిర్‌పోర్టులో దిగగానే గిటార్లు కనిపిస్తాయి. 2015లో నగరమే చేయించిన మ్యూజిక్ సెన్సస్‌లో, జవాబిచ్చిన సంగీతకారుల్లో దాదాపు మూడో వంతు మంది ఏడాదికి 15,000 డాలర్లు కూడా సంపాదించడం లేదని తేలింది. అది పన్నుకు ముందు. వాళ్లకు వైద్యం అందించడానికి 2005 నుంచి హామ్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేయాల్సి వస్తోంది. రాజధాని అన్నారు గానీ రాజుకు ఇన్సూరెన్సు లేదు.

అన్నీ పోలేదు. సౌత్ కాంగ్రెస్ వీధిలో కాంటినెంటల్ క్లబ్ యాభైల నుంచీ ఉంది. ఆంటోన్స్ 1975లో తెరిచి, చోట్లు మారుతూ మారుతూ మళ్లీ డౌన్‌టౌన్‌కి చేరింది. 1964లో జేమ్స్ వైట్ కట్టిన బ్రోకెన్ స్పోక్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా తగ్గు కప్పుతో అలాగే ఉంది. ఆయన 2021లో పోయారు, కుటుంబం నడుపుతోంది. యూనివర్సిటీ ఎదురుగా 1974 నాటి హోల్ ఇన్ ద వాల్ మూతపడబోతే నగరం పెట్టిన నిధి సాయంతో దీర్ఘకాలపు లీజు దొరికింది. గమనించండి, దాన్ని నిలబెట్టింది లీజు. కన్నీళ్లూ టీషర్టులూ కాదు.

ఇక మన సంగతి. మన సంఘం ఉగాదికో దీపావళికో ఏం చేస్తుంది? శివార్లలో హైస్కూలు ఆడిటోరియం తీసుకుంటుంది. హైదరాబాద్ నుంచి ఒక సినిమా గాయకుణ్ణి పిలుస్తుంది. ఆయన టిక్కెట్టూ హోటలూ పారితోషికమూ పోగా వాద్యాలకు డబ్బులుండవు. ట్రాక్ వేసి పాడతారు. మన ఇళ్లలో వయొలిన్, మృదంగం, కీబోర్డు, డ్రమ్స్ నేర్చిన పిల్లలు ఎంతమంది! అరంగేట్రానికి హాలు నిండుతుంది, ఆ మర్నాటి నుంచి మృదంగం అటక మీద. వాళ్లకు తప్పులు చేస్తూ, నెలనెలా వాయించుకునే చోటు లేదు. విల్లీ నెల్సన్‌కైనా నేల మీద కూర్చుని వినేవాళ్లు దొరికాకే దారి దొరికింది.

నా ప్రతిపాదన చిన్నది. ఏడాదిలో మన కార్యక్రమాల్లో కొన్నైనా మిగిలిన ఈ పాటల చోట్లలో పెడదాం. వాళ్లకు శుక్ర, శనివారాలు ఎలాగూ నిండుతాయి, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. మనకు కావలసిందీ ఆదివారం మధ్యాహ్నమే. ట్రాకులు మానేసి మన పిల్లల చేత వాయిద్దాం, చాలనిచోట ఊళ్లోని సంగీతకారులను పిలిచి, డబ్బులిచ్చి, వాయించమందాం. ఇళయరాజా బాస్ గిటారు వరసలు ఇక్కడి బాసిస్టు చేతిలో పెట్టి చూడండి, రెండు రిహార్సళ్లలో పట్టేస్తాడు.

కార్యవర్గంలో ఈ మాట ఎత్తితే వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "బారులో పండగేంటండీ, ఆడపిల్లలూ పెద్దవాళ్లూ వస్తారు కదా" అని మొదటిది. బ్యాలే సంగతి గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. మధ్యాహ్నం పూట హాలు మాట్లాడుకుంటే బారు మూసి ఉంచమని ఒప్పందంలోనే రాసుకోవచ్చు. ఆ ఆదాయం పోతుంది కాబట్టి అద్దె కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వాలి. అద్దె కట్టే చేతులు పెరగడమే కదా ఇక్కడ కావలసింది. పార్కింగు లేదన్నది రెండోది. అది నిజమైన బాధే, స్కూలు పార్కింగు సుఖం డౌన్‌టౌన్‌లో రాదు. పెద్దవాళ్లను గుమ్మం దగ్గర దింపడానికి వాలంటీర్లు కావాలి, తప్పదు. మూడోది భోజనాలు. ఐదొందల మందికి బంతి పెట్టే చోట్లు కావివి. రెండు వందల మందితో పులిహోర పొట్లాలతో సరిపెట్టుకునే కార్యక్రమాలే అక్కడికి తీసుకెళదాం, ఉగాది విందు స్కూల్లోనే ఉండనిద్దాం.

వచ్చే కార్యవర్గం బడ్జెట్ వేసేటప్పుడు గాయకుడి విమాన టిక్కెట్టు పక్కన ఈ లెక్క కూడా వేసి చూడాలని కోరుతున్నాను. మాట్లాడటానికి ముందుగా ఎవరు వెళ్లినా సరే, నేనూ తోడొస్తాను. ఒక్క షరతు మాత్రం ఒప్పందంలో పెట్టించాలి: స్టేజీ ముందు రోజే కడిగించాలి. బీరు ఒలికి జిగటెక్కిన చెక్క మీద మన పిల్లలు చెప్పుల్లేకుండా కూచిపూడి ఆడలేరు.