బేరియం బరువెంత సారూ?

రసాయన శాస్త్రాన్ని గ్రీకుల చెర నుంచి విడిపించే మహోద్యమం మన కడపలోనే, ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో మొదలైంది. మా మేనల్లుడి నోట్సే సాక్ష్యం: ‘బేరియం: భారం నుంచి పుట్టింది. గ్రీకులు మన దగ్గర ఎత్తుకుపోయారు.’ కింద రెండు ఎర్ర గీతలు.

అక్కడితో ఆగితే ఆయన సారెందుకవుతారు? కాల్షియం కాళ్ల ఎముకల్లో ఉంటుంది కాబట్టి ‘కాలు’ నుంచి వచ్చిందట. ఆర్గాన్ దేన్నీ ఆరగించదట. ఇక జింక్! ఆమ్లం తగలగానే జింకలా ఎగురుతుందని బోర్డు మీద జింక బొమ్మే వేశారట. పిల్లలంతా స్కేళ్లు తీసి కొమ్ములు గీశారు. కొమ్ములు వంకర పోయిన వాళ్లకు ఇంపొజిషన్. సీసం పాఠానికి ఏ సీసా పట్టుకొస్తారో అని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

అసలు సంగతేమిటంటే, గ్రీకులో ‘బరూస్’ అంటే బరువైనది. బేరైట్స్ రాయి ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు తూగుతుంది, అందుకే ఆ పేరు. 1808లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ అందులోని లోహానికీ అదే పేరు తగిలించి బేరియం అన్నాడు. తీరా చూస్తే ఆ లోహం 3.5 గ్రాములే, ఇనుములో సగం కూడా లేదు. ఈ పేరు తగదు, ప్లుటోనియం అందామని 1816లో కేంబ్రిడ్జి ప్రొఫెసర్ ఎడ్వర్డ్ క్లార్క్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పైగా బరూస్‌కు సంస్కృతంలో అసలు చుట్టం భారం కాదు, ‘గురు’. ఛందస్సులో మనం గురువు, లఘువు అని లెక్కపెట్టే ఆ గురువే. రోజూ ఆ మాటతోనే దండాలు అందుకుంటున్న మనిషికి అది తట్టలేదు!

పోనీ, నవ్వుకుని వదిలేద్దును. కానీ మావాడు లేచి, ‘సార్, మా కోడూరు పక్క బేరైట్స్‌ను ముగ్గురాయి అంటారు, ఎందుకు సార్?’ అని అడిగాడు. ‘లోకల్ మాటలు పరీక్షలో రావు’ అని పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టారు. ఏం మాటండీ అది? ఆ కోడూరు దగ్గరి మంగంపేట గనుల్లోని ఈ రాయే పొడై దేశదేశాల చమురు బావుల్లోకి పోతోంది, డ్రిల్లింగ్ బురదకు బరువు కోసం. దాన్ని తవ్వి, దుమ్ము మింగి, లారీలకెత్తినవాళ్లు పెట్టుకున్న పేరది. లేని భారానికి రెండు ఎర్ర గీతలు, ఉన్న మాటకు శిక్షా? ఆ క్లాసులో నిజంగా శబ్దం పుట్టుక అడిగింది ఆ పిల్లోడొక్కడే!

సోమవారం వాడి బ్యాగులో ఒక ముగ్గురాయి పెట్టి పంపుతున్నా. సారు చేతిలోనే పెట్టాలి, కాలి మీద పడేయకూడదని గట్టిగా చెప్పా.