నాకు టోపీ పెట్టిన ప్లగ్ క్యాప్ గారికి

మహారాజశ్రీ ప్లగ్ క్యాప్ గారికి, తమరి బండి ఓనర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను, కుడికాలి పిక్క పట్టేసింది, తమరు మాత్రం ఇంజిన్ నెత్తిన, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్‌కి కరెంటు అందించే రబ్బరు తొడుగులా చల్లగా కూర్చుని క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

రాత్రంతా వాన పడింది, పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది గానీ అంటుకోదు. సరే అని కిక్ మొదలెట్టా. చోక్ వేసి కొట్టా, చోక్ తీసి కొట్టా, తిట్టి కొట్టా, బతిమాలి కూడా కొట్టా. ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో అని చూశా (నవ్వకండి, దాని దగ్గర పరువు పోగొట్టుకున్నవాళ్ళలో నేను మొదటివాడిని కాదు). హార్న్ మోగుతోంది, లైటు బాగానే వెలుగుతోంది, అంటే బ్యాటరీ తప్పు లేదు. ఈలోపు పెట్రోల్ వాసన గుప్పుమంది, ఓవర్‌ఫ్లో అయిపోయింది. పెట్రోల్ కాక్ కట్టేసి, చోక్ పూర్తిగా తీసేసి, యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పి పట్టుకుని ఇంకో పది కిక్కులు. కనీసం ఓ దగ్గు కూడా రాలేదు.

అప్పుడు తమరిని పక్కకి పీకి, ప్లగ్ పానాతో ప్లగ్ విప్పి, తడి తుడిచి, మళ్ళీ తమరికే తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజిన్‌కి ఆనించి కిక్ కొట్టా. ప్లగ్ విప్పిన బొక్కలో గుడ్డ కుక్కా లెండి, అక్కడ్నుంచి వచ్చే పెట్రోల్ ఆవిరికి ఆ నిప్పురవ్వ తగిలితే కనుబొమ్మలుండవు. టిక్ టిక్ అని నీలం రంగు స్పార్క్! ఆహా కరెంటు దివ్యంగా వస్తోంది, ఇక ప్లగ్ జోలికి పోనక్కర్లేదు అనుకున్నా. క్యాప్ అంటే తెలుగులో టోపీయే కదా, సరిగ్గా అక్కడే తమరు ఆ పేరు సార్థకం చేసుకున్నారు.

ఎందుకంటే బయట గాల్లో స్పార్క్ దూకడం ఓ పనా? పిస్టన్ పైకొచ్చి గాలిని తొమ్మిదో వంతుకో పదో వంతుకో నొక్కేశాక, ఆ చిక్కటి గాల్లో 0.7 మిల్లీమీటర్ల సందు దాటాలంటే బయటకంటే చాలా రెట్లు ఎక్కువ వోల్టేజ్ కావాలి. పాపం ఆ కాయిల్ 12 వోల్టుల్ని వేల వోల్టులు చేసి తమరి చేతిలో పెడుతుంది. తమరేం చేస్తారు? లోపల కష్టం, పక్కన తడిగా దారుంది, ప్లగ్ తెల్ల పింగాణీ మీదుగా ఇంజిన్ హెడ్‌కి జారుకుంటారు. శుద్ధమైన నీళ్ళలో కరెంటు పెద్దగా పారదు, కానీ రోడ్డు మీద బురద, దుమ్ము, ఉప్పు కలిసిన నీళ్ళు తమరికి రాచబాట. మైదానంలో పరిగెత్తి చూపించి మార్కులు కొట్టేసి, కొండ ఎక్కమనేసరికి సందులోంచి మాయమయ్యే బాపతు.

తమరు చేసిన దానికి శిక్ష ఎవరికి పడిందో తెలుసా? పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌కి. కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్ అంతా గాజు సీసాలోకి దింపా, నీళ్ళుంటే పెట్రోల్ కంటే బరువు గనక అడుక్కి చేరి బుడగల్లా కనిపించాలి, ఒక్క చుక్క లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పా, పొడిగా ఉంది, నన్నెందుకు విప్పావురా అన్నట్టు చూసింది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారిందేమో అని కూడా చూశా, అలా ఉండుంటే అసలు కిక్ ముట్టుకోకూడదు. బాగానే ఉంది. మనం తడిశాం గానీ మునగలేదు కదా.

మధ్యాహ్నం ఎండొచ్చింది. ఒక్క కిక్‌కి స్టార్ట్! పొద్దున్నుంచీ సలహాలిస్తున్న పక్కింటాయన "నే చెప్పాగా ఫిల్టరే అని" అంటూ క్రెడిట్ పట్టుకెళ్ళిపోయాడు. తమరు ఆరిపోయారు, సాక్ష్యం ఆవిరైపోయింది, అక్షరాలా.

కానీ నేను వదల్లేదు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, బండి స్టార్ట్ చేసి, మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్‌తో తమరి మీద రెండు పిచికార్లు కొట్టా. అబ్బబ్బ, ఏం వైభోగం! తమరి అంచు నుంచి ఇంజిన్ రెక్కల మీదికి నీలం గీతలు చిటపటా పాకుతున్నాయి, ఇంజిన్ ఓసారి తడబడి, ఓసారి దగ్గి ఆగిపోయింది. (ఆ టైంలో చెయ్యి పెడితే ఏమవుతుందో నాకు తెలుసు, అడక్కండి.) ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, స్ప్రే బాటిల్ పట్టేసింది.

విప్పి టార్చి వేస్తే అన్నీ బయటపడ్డాయి. రబ్బరు మీద వెంట్రుకంత పగులు. కేబుల్ కొస తమరిలోకి దిగే చోట ఆకుపచ్చ చిలుము. ప్లగ్ కూర్చునే గుంతలోంచి నీళ్ళు పోవడానికి ఇంజిన్‌కి ఓ చిన్న కన్నం ఉంటుంది, దాంట్లో బురద గట్టిపడి మూసుకుపోయి తమరికి స్విమ్మింగ్ పూల్ తయారైంది. అది తమరి తప్పు కాదు, ఒప్పుకుంటా, బండి కడగడమే గానీ ఆ కన్నం వైపు నేనెప్పుడూ చూడలేదు. తీగతో పొడిచా, నల్లటి నీళ్ళు కారాయి. కేబుల్ కొస అర సెంటీమీటర్ కత్తిరించా. డబ్ల్యూడీ-40 కొట్టి తడి తరిమి తుడిచా. నీళ్ళని తరిమే ఆ ఫార్ములా 1953లో 40వ ప్రయత్నానికి కుదిరిందట, అందుకే పేరులో 40. నాకు 40 కిక్కులకి కూడా ఏమీ కుదర్లేదు, అది వేరే సంగతి.

తమరి కుర్చీలో ఇప్పుడు కొత్త క్యాప్ ఉంది, లోపల కరెంటు పారనివ్వని, తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి మరీ కూర్చోబెట్టా. మళ్ళీ వాన పడింది, పొద్దున సెల్ఫ్‌కే లేచింది. పక్కింటాయన మాత్రం ఫిల్టర్ మార్చావా అని అడిగాడు, అవునన్నా.

ఇట్లు,
పిక్కకి నూనె రాసుకుంటున్న మీ మాజీ ఓనర్

తా.క.: తమరిని పారేయలేదు, సీటు కింద టూల్స్ సంచీలో ఉన్నారు. అక్కడ తడి తగలదు, హాయిగా ఉండండి.