గింజ తీసే యంత్రం వచ్చింది, పత్తి తీసే చేతులకు సంకెళ్లు బిగిశాయి

పాఠశాల చరిత్ర పుస్తకాల్లో పారిశ్రామిక విప్లవం అంటే పేర్లు, సంవత్సరాల పట్టిక. జాన్ కే షటిల్ 1733, హార్‌గ్రీవ్స్ జెన్నీ 1764, ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్ 1769, కార్ట్‌రైట్ మరమగ్గం 1785. పిల్లలు బట్టీ పట్టే ఈ పట్టికలో ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు. ఇన్ని యంత్రాలు మింగిన పత్తిని పండించింది ఎవరు? 1850ల చివరికి బ్రిటన్ మిల్లులకు చేరే పత్తిలో నాలుగింట మూడు వంతులు అమెరికా దక్షిణాది రాష్ట్రాలదే. దాన్ని విత్తిందీ, కలుపు తీసిందీ, ఏరిందీ ప్రధానంగా బానిసలు. మాంచెస్టర్ పొగగొట్టాల కథను మిసిసిపీ పత్తి చేల కథ నుంచి విడదీసి చెప్పడం సగం చరిత్ర చెప్పడమే.

ఆ రెండింటినీ ముడివేసినది జిన్ను అనే, పత్తి నుంచి గింజ వేరుచేసే చిన్న యంత్రం. అమెరికా తీరప్రాంత దీవుల్లో పండే పొడవు పింజ పత్తిలో గింజ సులువుగా ఊడివస్తుంది. లోతట్టు నేలల్లో పండే పొట్టి పింజ పత్తి అలా కాదు. దాని ఆకుపచ్చ గింజకు దూది అంటుకుని వదలదు. ఒక మనిషి రోజంతా కూర్చుని ఒలిస్తే సుమారు ఒక పౌను, అంటే అర కిలో కూడా నిండని దూది వచ్చేది. మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే స్త్రీలను చూసినవారికి ఇలాంటి పని ఎంత ఓపిక కోరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

1793లో యేల్ పట్టభద్రుడు ఎలీ విట్నీ జార్జియాలోని మల్బరీ గ్రోవ్ తోటలో ఉంటూ ఈ చిక్కు విప్పాడు. గుండ్రటి చెక్క దిండుకు తీగ కొక్కేలు బిగించి, దాన్ని సన్నని సందులున్న పలకకు ఆనించి తిప్పాడు. కొక్కేలు దూదిని సందులోంచి లాక్కుపోతాయి, గింజ పట్టక ఇవతలే రాలిపోతుంది. ఎదురు తిరిగే బ్రష్షు ఆ దూదిని దులిపేస్తుంది. గుర్రాన్ని కడితే ఒక మనిషి యాభై మంది పనికి మించి చేస్తాడని విట్నీ తండ్రికి ఉత్తరం రాశాడు. శ్రమ యాభై రెట్లు తగ్గుతుందని, ఏ వర్గం వారికీ పని పోదని కూడా అందులోనే రాశాడు.

పని పోదన్న మాట నిజమైంది, ఊహించలేనంత దారుణంగా. 1790లో అమెరికాలో సుమారు 3,000 బేళ్ల పత్తి పండేది. 1860 నాటికి అది దాదాపు 40 లక్షల బేళ్లకు చేరింది. అదే కాలంలో బానిసల సంఖ్య 7 లక్షల నుంచి 39 లక్షలు దాటింది. శ్రమ తగ్గించే యంత్రం వచ్చాక బానిసలు ఐదు రెట్లు పెరగడానికి కారణం వెతకాలంటే జిన్ను గది వదిలి చేనులోకి వెళ్లాలి. యంత్రం ఒక అడ్డంకిని తొలగించింది. గింజ తీయడం క్షణాల పని అయ్యాక ఎంత పత్తి పండిస్తే అంత లాభం. కానీ కాయ పగిలిన పత్తిని చెట్టు నుంచి తీయడానికి యంత్రం లేదు, అది చేతి పనిగానే మిగిలింది. దూది ఒలిచే చోట ఆదా అయిన శ్రమ అంతా, అంతకు ఎన్నో రెట్లుగా, పత్తి తీసే చోట పోగుపడింది.

ఆ పని ఎలా ఉండేదో సాలమన్ నార్తప్ రాశాడు. న్యూయార్క్‌కు చెందిన ఈ స్వేచ్ఛాపౌరుణ్ని 1841లో అపహరించి బానిసగా అమ్మేశారు. పన్నెండేళ్లు లూయిజియానా తోటల్లో మగ్గి బయటపడ్డాడు. మెడకు వేలాడే సంచితో తెల్లవారుజామునే చేలోకి దిగాలి. చీకటి పడ్డాక బుట్టలు మోసుకుంటూ జిన్ను కొట్టానికి వచ్చి తూకం వేయించుకోవాలి. మామూలు లెక్క రోజుకు 200 పౌన్లు. తగ్గితే కొరడా. లెక్కకు మించి తూగితే రేపటి నుంచి ఆ మనిషికి అదే కొత్త లెక్క. కాబట్టి తూకం దగ్గరికి భయపడకుండా వచ్చినవాళ్లు లేరంటాడు నార్తప్. అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని మిల్లుల సీమ లాంకషైర్ చేరిన ప్రతి బేలులోనూ ఆ తూకం ఉంది.

ఇదంతా విట్నీ యంత్రం మీదికి నెట్టేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. బానిసత్వం దానంతటదే అంతరించిపోయేదనీ, యంత్రం వచ్చి ప్రాణం పోసిందనీ తరచూ వినిపించే వాదన చాలామందిని తేలిగ్గా తప్పించేస్తుంది. కొక్కేల దిండు ఎవరినీ కొనలేదు, ఎవరినీ అమ్మలేదు. 1830లో చట్టం చేసి చెరోకీ, క్రీక్, చోక్టా ఆదివాసీ ప్రజలను వారి నేలల నుంచి తరిమి పత్తికి చోటు చేసింది అమెరికా ప్రభుత్వం. బానిసలను తాకట్టు పెట్టుకుని తోటల యజమానులకు అప్పులిచ్చింది బ్యాంకులు. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించిన చట్టం దేశం లోపలి అమ్మకాలను ముట్టుకోలేదు. ఫలితంగా సుమారు పది లక్షల మందిని వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి నేలలకు తరలించారు. తల్లీబిడ్డలను, భార్యాభర్తలను విడదీసిన అమ్మకాలు అందులో ఎన్నో. ఉత్తరాదివారి చేతులూ శుభ్రంగా లేవు. రోడ్ ఐలండ్ మిల్లులు ఆ బానిసలు తొడిగే ముతక గుడ్డ నేసి దక్షిణాదికి అమ్ముకున్నాయి.

యంత్రం ఎవరిదో, దాని ఫలం ఎవరిదో తేల్చింది చట్టమేనని చూపే ఘటన ఒకటి ఉంది. తన పేటెంటును నకలు యంత్రాల నుంచి కాపాడుకోవడానికి విట్నీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. కనీసం ఆయనకు తిరిగే హక్కు ఉంది. మిసిసిపీలో నెడ్ అనే బానిస పత్తి సాళ్లను గీరే కొత్త పనిముట్టు కనిపెట్టాడు. 1857లో దాని మీద పేటెంటు కోరింది అతని యజమాని ఆస్కార్ స్టూవర్ట్. బానిస శ్రమ ఫలం యజమానిదే కాబట్టి అతని బుర్రలో పుట్టినదీ తనదేనని స్టూవర్ట్ వాదన. 1858లో అటార్నీ జనరల్ జెరెమయా బ్లాక్ తేల్చేశాడు: బానిస కనిపెట్టిన యంత్రానికి పేటెంటు ఉండదు. బానిస పౌరుడు కాడు, కాబట్టి ఆవిష్కర్తగా ప్రమాణం చేయలేడు. ఆవిష్కర్త కాని యజమానికీ పేటెంటు రాదు. పేటెంటు రాకపోయినా స్టూవర్ట్ ఆ పనిముట్టును అమ్ముకుంటూనే ఉన్నాడు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. చేతులను వాడుకున్న వ్యవస్థ, ఆ చేతుల వెనక ఆలోచన ఉందని కాగితం మీద ఒప్పుకోవడానికి కూడా సిద్ధపడలేదు.

ఈ కథకు తెలుగు తీరానికి ఉన్న సంబంధం దూరపుది కాదు. లాంకషైర్ మిల్లులు రాకముందు ప్రపంచానికి నూలు గుడ్డ అందించినవాళ్లలో కోరమాండల్ అనే మన తూర్పు తీరపు నేతగాళ్లు ముందువరుసలో ఉన్నారు. ఆ గుడ్డను యూరప్ వర్తకులు పశ్చిమాఫ్రికాకు తీసుకెళ్లి బానిసల కొనుగోలులో మారకంగా వాడారు. నేసినవారికి దాని గమ్యం తెలిసే దారి లేదు. నర్సాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ కొన్న మెత్తటి గుడ్డకు ఇంగ్లిషులో మడపోలం అని ఊరి పేరే స్థిరపడింది. తర్వాత అదే పేరుతో లాంకషైర్ మిల్లులు గుడ్డ నేసి మన దేశానికే పంపాయి. గోదావరి తీరపు మగ్గాల పని పోవడం, మిసిసిపీ చేలలో కొరడా దెబ్బలు పెరగడం ఒకే వ్యాపారపు రెండు కొసలు.

ఈ తర్కం 1865లో బానిసత్వంతో పాటు అంతరించలేదు. 1970లో మన దేశంలో తొలి వాణిజ్య సంకర పత్తి విత్తనం విడుదలైంది. గొప్ప ఆవిష్కరణే, దిగుబడి పెరిగింది. అయితే ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి మొగ్గలో పుప్పొడి తిత్తులను ముందురోజు చేత్తో తీసేయాలి, మర్నాడు ఉదయం మరో రకం పువ్వు పుప్పొడిని చేత్తో అద్దాలి. సీడ్ పత్తి రైతులు క్రాసింగ్ అని పిలిచే ఈ పనికి యంత్రం లేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ ఖాళీని నింపింది బడి మానేసిన ఆడపిల్లలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లలను కట్టిపడేసిన తీరును 1990ల నుంచి పరిశోధకులు, హక్కుల కార్యకర్తలు బయటపెడుతూ వచ్చారు. దీన్ని అమెరికా బానిసత్వంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. మనిషిని సంతలో అమ్మడానికి సాటి మరొకటి లేదు. కానీ కొత్త సాంకేతికత ఒకచోట శ్రమను ఆదా చేసి, యంత్రం అందని మరోచోట బేరమాడలేని చేతులను వెతుక్కోవడం రెండుచోట్లా ఒకటే.

చివరికి పత్తి తీసే యంత్రం కూడా వచ్చింది. 1944లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ తోటలో నాటడం నుంచి తీయడం దాకా యంత్రాలతోనే పంట తీశారు. బానిసత్వం పోయాక పంటలో వాటా ఇచ్చే పద్ధతిలో, అప్పుల్లో అదే నేలను పట్టుకుని బతికిన నల్లజాతి కుటుంబాల అవసరం క్రమంగా తీరిపోయింది. తరాల శ్రమకు చారెడు నేల కూడా దక్కకుండా ఎంతోమంది షికాగో, డెట్రాయిట్ దారి పట్టారు.

తెలంగాణ, ఆంధ్ర చేలల్లో పత్తిని ఇప్పటికీ తీస్తున్నది స్త్రీలే, కిలోకు ఇంత అన్న లెక్క మీద. వారి స్థానంలో యంత్రాలు తేవాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి. కూలి ఖర్చు పెరిగి రైతు నలుగుతున్న మాట నిజం, యంత్రం వద్దనడం నా వాదన కాదు. అయితే ఆ పథకాల్లో రైతుకు ఎకరాకు ఎంత మిగులుతుందన్న లెక్కతో పాటు, ఆ సీజన్ సంపాదన మీద బతికే భూమిలేని స్త్రీలకు ఏమి ఇస్తారన్న లెక్క కూడా ఉండాలి. యంత్రాల నిర్వహణ వారి సంఘాలకే అప్పగించవచ్చు, సబ్సిడీలో వాటా పెట్టవచ్చు. మొదటి యంత్రం చేలో దిగకముందే ఆ మాట కాగితం మీదికి రావాలి.