ఆముదంతో రెప్ప వెంట్రుకలు పెరుగుతాయా? మా వదిన ఫార్వర్డ్‌కు నా జవాబు

మొన్నామధ్య మా వదిన ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. అప్పటికే చాలా గ్రూపులు తిరిగి వచ్చినది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: రోజూ రాత్రి ఆముదంలో విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి కనురెప్పలకు రాసుకుంటే 30 రోజుల్లో రెప్ప వెంట్రుకలు ఒత్తుగా, పొడుగ్గా వస్తాయి. అదే నూనె తలకు పెడితే జుట్టు రాలడం ఆగి కొత్త జుట్టు మొలుస్తుంది. దాంతోపాటు రోజుకొక 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్ర, ఒక చెంచా కొల్లాజెన్ పొడి తీసుకుంటే జుట్టు, చర్మం, గోళ్లు మూడూ బాగుపడతాయి. అన్నీ సహజమైనవే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. మన అమ్మమ్మలు చేసిందే ఇది, మందుల కంపెనీలు దాచిపెట్టిన రహస్యం.

కింద వదిన సొంత మాట కూడా ఒకటి: "నాకు పనిచేసింది, అందరూ వాడండి."

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్న ఆరింటి నుంచి జనం రక్తం తీసి మిషన్‌లో పెట్టడమే నా పని. ఈ మెసేజ్‌లో నన్ను నిజంగా భయపెట్టిన ముక్క ఒకటుంది, అది బయోటిన్ దగ్గర చెబుతాను. ముందు ఆముదం సంగతి.

"ఆముదం రాస్తే 30 రోజుల్లో రెప్ప వెంట్రుకలు పెరుగుతాయి"

తల వెంట్రుక 2 నుంచి 6 ఏళ్ల పాటు పెరుగుతూనే ఉంటుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు. అందుకే జడ వేసుకోగలుగుతున్నాం. రెప్ప వెంట్రుక పెరిగే కాలం నెల, మహా అయితే నెలన్నర. తర్వాత పెరగడం ఆగిపోతుంది, కొన్నాళ్లు అలాగే ఉంటుంది, రాలిపోతుంది, మళ్లీ అదే కుదురులోంచి ఇంకొకటి వస్తుంది. ఎన్నాళ్లు పెరగాలన్నది కుదురు తేల్చుకునే విషయం, ఆ కుదురేమో చర్మం లోపల ఉంది. మనం నూనె రాసేది బయటికి వచ్చేసిన పోగుకు. దానికి ప్రాణం లేదు. నూనె పట్టిస్తే మెరుస్తుంది, తొందరగా విరగదు. అంతకుమించి దానికి జరిగేది ఏమీ లేదు.

మరి ఆ ముందు, తర్వాత ఫొటోలు? నల్లరేగడి నేల ఎండినప్పుడు బూడిద రంగులో ఉంటుంది, వాన పడగానే కాటుకలా కనిపిస్తుంది. నేల మారిందా? చిక్కటి నూనె పట్టిన వెంట్రుక కూడా అంతే, నల్లగా, లావుగా కనిపిస్తుంది. పైగా ఈ నూనె వ్రతం పట్టినవాళ్లు ఆ నెల రోజులూ మస్కారా మానేస్తారు, కళ్లు నలపడం తగ్గిస్తారు. నలిపితే ఊడిపోయేవి ఊడవు, ఊడినవి తిరిగి వచ్చే టైమ్ కూడా సుమారుగా అదే. ఆ లెక్కంతా ఆముదం ఖాతాలో పడిపోతుంది.

ఈ కబురు శూన్యంలోంచి పుట్టలేదు, అది కూడా ఒప్పుకోవాలి. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లమే. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటిలో కొన్నిటికి వెంట్రుకల పెరుగుదలతో సంబంధం ఉంది. ఈ రిసినోలిక్ ఆమ్లం వాటికి సంబంధించిన ఒక గ్రాహకాన్ని (కణాల మీద ఉండే తాళం లాంటిది) కదిలిస్తుందని 2012లో ఎలుకల మీద తేల్చారు. అయితే తేల్చింది పేగుల్లో. ఆముదం తాగితే విరేచనాలు ఎందుకవుతాయన్న పాత ప్రశ్నకు దొరికిన జవాబు అది. పేగుల్లో జరిగేదాన్ని తెచ్చి కనురెప్పకు అతికించింది మాత్రం రీల్స్ చేసేవాళ్లే.

నిజంగా రెప్ప వెంట్రుకలను పెంచే మందు ఒకటుంది. పేరు బిమాటోప్రాస్ట్. అది కూడా ప్రోస్టాగ్లాండిన్ల కుటుంబానిదే. 2001లో అమెరికాలో గ్లకోమా అనే కంటిజబ్బుకు చుక్కలుగా అనుమతి పొందింది. చుక్కలు వేసుకున్నవాళ్ల రెప్పలు గుబురుగా పెరగడం డాక్టర్లు గమనించారు. తర్వాత ఆ పనికోసమే 16 వారాల పరీక్షలు చేసి, 2008 డిసెంబరులో విడిగా అనుమతి తెచ్చుకుని, కంపెనీ దాన్ని టీవీ ప్రకటనలతో అమ్ముకుంది. కంపెనీలు ఇలాంటివి దాచుకోవు, డప్పు కొట్టి మరీ అమ్ముతాయి. అలాగని మెడికల్ షాపుకు వెళ్లి అవి కొనుక్కోమని కాదు. రెప్పల చర్మం నల్లబడటం, కంటిపాప చుట్టూ రంగు శాశ్వతంగా ముదరడం, కంటి చుట్టూ కొవ్వు కరిగి కళ్లు లోపలికి పోయినట్టు కనిపించడం, ఇవన్నీ దానితో ఉన్నాయి. ఆపేస్తే వెంట్రుకలు మళ్లీ మామూలే.

ఇంకొక విషయం ఉంది, నా వరకు దీంతోనే వాదన తేలిపోయింది. కళ్లు పొడిబారేవాళ్లకు వాడే రెస్టాసిస్ అనే సైక్లోస్పోరిన్ చుక్కలు ఆముదంతోనే తయారు చేస్తారు. 2002 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి, లక్షల మంది కళ్లలోకి శుద్ధి చేసిన ఆముదం వెళ్తోంది. మంట పుడుతుందని, ఎర్రబడుతుందని దుష్ప్రభావాల జాబితాలో ఉంది. రెప్పలు పెరిగాయన్న మాట లేదు. గ్లకోమా చుక్కల్లో అంత కొట్టొచ్చినట్టు కనిపించినది ఇక్కడ ఎవరి కంటా పడకుండా ఎలా ఉంటుంది?

ఒక్క మినహాయింపు. రెప్పల అంచున వాపు, చుండ్రులాంటి పొట్టు ఉండే జబ్బులో ఆముదం రాస్తే కొంత ఉపశమనం కనిపించిందని న్యూజిలాండ్‌లో ఒక చిన్న పరీక్షలో తేలింది. వాపు తగ్గితే రాలడం కూడా తగ్గుతుంది. అది జబ్బుకు చికిత్స, ఆరోగ్యంగా ఉన్న కంటికి అందం పెంచడం కాదు. వంటింట్లో మూత తీసి పెట్టిన సీసాలోంచి ఇయర్ బడ్‌తో పూయడం అసలే కాదు. రెప్పల అంచున నూనె గ్రంథుల రంధ్రాలు ఉంటాయి. మురికి చేరి అవి మూసుకుపోతే కంటి కురుపే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లయితే ఆ జిడ్డుతో ఇంకా అవస్థ.

"విటమిన్ ఇ క్యాప్సూల్ పిండితే రెట్టింపు ఫలితం"

మింగడానికి చేసిన మాత్ర అది. 1999లో మయామీలో చర్మవైద్యులు ఆపరేషన్ మచ్చల మీద విటమిన్ ఇ కలిపిన పూతను పరీక్షించారు. మనుషులు 15 మందే, చిన్న పరీక్ష. కానీ అందులో మూడోవంతు మందికి రాసిన చోట దద్దుర్లు, దురద వచ్చాయి. మచ్చల సంగతి చూస్తే ఎక్కువ మందికి తేడా లేదు, లేదా ఇంకా పాడైంది. ఒంట్లో చర్మం అన్నిటికంటే పలచగా ఉండేది కనురెప్ప మీద. అక్కడ ఈ ప్రయోగం ఎందుకు?

"తలకు పెడితే రాలడం ఆగి కొత్తది మొలుస్తుంది"

ఇక్కడ వదిన మాటకే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు పోయిన వానాకాలం డెంగీ వచ్చింది. తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. కంగారుపడి ఆముదం, కొబ్బరినూనె కలిపి పెట్టడం మొదలుపెట్టింది. ఇంకొన్ని నెలలకు రాలడం ఆగింది, నుదుటి దగ్గర పిల్లవెంట్రుకలు వచ్చాయి. అందుకే పనిచేసింది అంటోంది.

పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి ఒంటికి తగిలినప్పుడు చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతికి వెళ్లిపోతాయి. ఆ వెంట్రుకలన్నీ రెండు మూడు నెలల తర్వాత ఒక్కసారిగా ఊడతాయి. చాలామందికి ఆరు నెలల్లో వాటంతటవే తిరిగి వస్తాయి. మనం నూనె పట్టుకునేది జుట్టు బాగా ఊడుతున్నప్పుడు. ఆ తర్వాత ఎలాగూ తగ్గేదే. నూనె బదులు ఆ కొన్ని నెలలూ పొద్దున్నే తులసికోట చుట్టూ ప్రదక్షిణ చేసినా ఇదే ఫలితం వచ్చేది. పేనుకొరుకుడు మీద ఉల్లిపాయ రుద్ది తగ్గిందనేవాళ్ల కథ కూడా చాలావరకు ఇలాంటిదే, చిన్న మచ్చలు చాలామందికి వాటంతటవే పూడుతాయి.

నూనె అసలు ఎందుకూ పనికిరాదని నేను అనను. కొబ్బరినూనె వెంట్రుక పోగు లోపలికి కొంత ఇంకుతుంది, తలస్నానంలో పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. 2003లో వచ్చిన ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లే అన్నది గుర్తుపెట్టుకుని మరీ చెబుతున్నాను, అయినా విషయం సబబుగానే ఉంది. ఉన్న జుట్టు చిట్లకుండా ఉంటుంది. కొత్తది మొలవడం వేరే సంగతి. ఇక ఆముదం మరీ జిగురు. ఆముదం కలిపిన నూనె పెట్టి తలంటుకున్న 20 ఏళ్ల అమ్మాయి జుట్టంతా పిచ్చుక గూడులా అట్టకట్టి, విడదీయడం కుదరక కత్తిరించాల్సి వచ్చిందని 2017లో మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికలో రాశారు. అరుదే కానీ, సైడ్ ఎఫెక్ట్స్ లేవన్న మాట ఎదురుగా ఉంది కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

"రోజుకు 10,000 మైక్రోగ్రాముల బయోటిన్"

మనిషికి రోజుకు కావాల్సింది సుమారు 30 మైక్రోగ్రాములు. గుడ్డు పచ్చసొన, వేరుశనగపప్పు, పప్పుధాన్యాలు తినేవాళ్లకు అది తిండిలోనే వచ్చేస్తుంది. మాత్రలో ఉన్నది దానికి మూడు వందల రెట్లకు పైగా. బయోటిన్ లోపం ఉంటే జుట్టు రాలుతుంది, నిజమే. కానీ ఆ లోపమే అరుదు. 2017లో అప్పటిదాకా వచ్చిన వైద్య నివేదికలన్నీ ఏరి చూస్తే, బయోటిన్‌తో జుట్టు, గోళ్లు మెరుగైనవాళ్లు 18 మంది తేలారు. వాళ్లందరికీ పుట్టుకతో వచ్చిన లోపమో, వేరే జబ్బో ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

పనిచేయకపోతే డబ్బులు పోతాయి, ఒంట్లో మిగిలింది మూత్రంలో పోతుంది, అంతేగా అనుకోవచ్చు. అంతే కాదు. నేను భయపడ్డది ఇక్కడే.

థైరాయిడ్ పరీక్ష చేసే చాలా మిషన్లలో బయోటిన్‌నే కొక్కెంలా వాడతారు. రక్తంలో థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్‌ను పట్టుకున్న ముక్కకు బయోటిన్ తగిలించి ఉంటుంది, ఆ బయోటిన్ పోయి స్ట్రెప్టావిడిన్ అనే ఇంకొక ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఎంత అతుక్కుంటే అంత రీడింగ్. ఇప్పుడు మీ రక్తంలోనే బయోటిన్ పొంగి పొర్లుతోందనుకోండి. బస్సులో సీట్లన్నీ ముందే తువ్వాళ్లు వేసి ఆపేసినట్టు, ఆ చోట్లన్నీ అది ఆక్రమిస్తుంది. అసలు పట్టుకోవాల్సింది మిషన్ కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్లు టీ3, టీ4. వాటి పరీక్షల పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది, అవి ఎక్కువ చూపిస్తాయి. కాగితం మీద చూస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్న మనిషి. ఎదురుగా కూర్చున్న మనిషికి అలాంటిదేమీ ఉండదు. అన్ని మిషన్లూ ఇలా ఉండవు, కానీ మీ రక్తం ఏ మిషన్‌లోకి వెళ్తుందో మీకు తెలియదు కదా.

వదినకు సరిగ్గా ఇదే జరిగింది. ఆమె ఐదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ అడుగంటి, టీ4 పైకి పోయి ఉంది. డోసు తగ్గించాలేమో అన్నారట డాక్టరు గారు. "వదినా, ఏమైనా కొత్త మాత్రలు వాడుతున్నావా?" అంటే "మాత్రలేం లేవే, విటమిన్లే" అంది. విటమిన్‌ను ఎవరూ మందు కింద లెక్కపెట్టరు, అదే చిక్కు. బయోటిన్ ఆపించి, నాలుగో రోజు మళ్లీ రక్తం తీశాను. ఈసారి టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది, అంటే వేసుకునే మాత్ర చాలడం లేదు. డోసు తగ్గించడం కాదు, కాస్త పెంచాల్సి వచ్చింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే జుట్టు రాలుతుంది. రాలడానికి కారణాన్ని పట్టించే పరీక్షనే రాలకుండా ఉండాలని వేసుకున్న మాత్ర తప్పుదారి పట్టించింది.

థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమని నిపుణులు చెబుతారు. జుట్టు కోసం అమ్మే మల్టీవిటమిన్లలో కూడా ఉంటుంది, పట్టీ వెనక చదవండి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో కూడా ఇదే పొరపాటు జరగొచ్చు. 2017 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది, అందులో ఒక మరణం ప్రస్తావన కూడా ఉంది. ఛాతీ నొప్పితో క్యాజువాలిటీకి వెళ్లినవాళ్లకు రెండు రోజులు ఆగే వీలుండదు. అందుకే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. జుట్టు రాలుతోందని వచ్చేవాళ్లకు ముందు చూడాల్సింది హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్. ఆ బయోటిన్ డబ్బా కొనే డబ్బులో వీటిలో ఒకటో రెండో అయిపోతాయి.

"చెంచా కొల్లాజెన్"

కొల్లాజెన్ ప్రోటీన్. కడుపులో పడ్డాక మిగతా ప్రోటీన్ల లాగే చిన్న ముక్కలవుతుంది, అది నేరుగా వెళ్లి బుగ్గల కింద కూర్చోదు. చర్మంలో కాస్త తేమ, సాగుడు పెరిగాయన్న పరిశోధనలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది ఆ పొడి అమ్మేవాళ్లే. శాకాహారులు ఒకసారి డబ్బా వెనక చూసుకోండి, అది చేప చర్మం నుంచో, పశువుల తోలు, ఎముకల నుంచో తీసినది.

"సహజమైనది కాబట్టి హాని లేదు"

జిల్లేడు పాలు సహజమే. కంట్లో పడితే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మాత్రల విషయానికొస్తే, 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంట్‌లో సెలీనియం అనే ఖనిజం లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు పడింది. 201 మంది జబ్బుపడ్డారు, చాలామందికి జుట్టు ఊడిపోయింది. విటమిన్ ఎ ఎక్కువైనా జుట్టు రాలుతుంది. మన దగ్గర ఈ డబ్బాలు మందుల కింద కాదు, ఆహార పదార్థాల కింద, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిధిలోకి వస్తాయి. మందుగా వాడటానికి కాదని లేబుల్ మీద వాళ్లే రాయాలి, రాస్తారు కూడా. రీల్‌లో మాత్రం ఆ వైపు చూపించరు.

"అమ్మమ్మలు చేసిందే"

మా అమ్మమ్మ వంటాముదం ఇంట్లోనే తీసేది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి, పైకి తేలిన నూనె తీసుకునేది. బండి ఇరుసుకు, దీపానికి, పసిపిల్లల మాడుకు, కడుపు కదలడానికి అన్నిటికీ అదే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం మరి. ఆమె రెప్పలకు ఆముదం రాసుకోగా నేను చూడలేదు. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి, ఆ మసిలో చుక్క ఆముదం కలిపి కాటుక పెట్టుకునేది. నల్లటి మసి అంచున ఉంటే ఎవరి రెప్పలైనా ఒత్తుగానే కనిపిస్తాయి.

ఇదంతా గ్రూపులో రాస్తే ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టారు, బాబాయ్ గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టారు. వదిన విడిగా ఫోన్ చేసింది.

"అయితే అర లీటరు కొన్నానే, గానుగ దగ్గర నిలబడి మరీ ఆడించుకొచ్చా. ఏం చెయ్యమంటావ్?"

"రాత్రి కాళ్లు కడుక్కుని పగుళ్లకు రాసి సాక్సులు వేసుకో వదినా. దానికి మాత్రం బాగా పనిచేస్తుంది."