సవరణ: బీవోడీ ఎక్కువుంటే మంచి నీళ్లు కాదు

సీపీగెట్‌కు (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) చదివేటోళ్ల కోసం మొన్న భద్రకాళి చెరువు ఫొటో పెట్టి రాసిన పోస్టులో ‘బీవోడీ ఎంత ఎక్కువుంటే నీళ్లలో అంత ఆక్సిజన్ ఉన్నట్టు’ అన్నాను. తప్పు. పూర్తిగా తలకిందులుగా రాశాను.

నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను చెప్పేది డీవో (డిజాల్వ్డ్ ఆక్సిజన్). బీవోడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) అంటే ఆ నీళ్లలోని మురుగును, కుళ్లే ఆకులను సూక్ష్మజీవులు విడగొట్టడానికి ఎంత ఆక్సిజన్ పోతుందన్న లెక్క. రాబడి కాదు, ఖర్చు. పరీక్షా అట్లనే ఉంటుంది: సీసా నింపగానే ఒకసారి డీవో చూస్తారు, 20 డిగ్రీల దగ్గర 5 రోజులు చీకట్లో ఉంచి మళ్లీ చూస్తారు. తగ్గినంత బీవోడీ (మురికి నీళ్లైతే ముందే పలుచన చేసి, ఎన్ని రెట్లు పలుచన చేశామో దాంతో ఆ తగ్గుదలను హెచ్చవేయాలి). చీకటి ఎందుకంటే, వెలుతురుంటే నాచు ఆక్సిజన్ వదిలి లెక్క చెడగొడుతుంది. మన దగ్గర 27 డిగ్రీల్లో 3 రోజుల పద్ధతి కూడా ఉంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల్లో స్నానానికి పనికొచ్చే నీళ్లకు బీవోడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించొద్దు, డీవో 5కు తగ్గొద్దు. ఈ ప్రమాణాల పట్టిక చూపించి తప్పు పట్టుకున్నది మా జూనియర్. నా ప్రాక్టికల్ రికార్డు తీసి చూస్తే అందులో సరిగ్గానే రాసుకున్నా!

ఇంకొకటి. అదే పోస్టులో ‘గుర్రపు డెక్క మురుగును పీల్చుకుంటుంది’ అన్నది నైట్రోజన్, ఫాస్ఫరస్ సంగతి. చెరువంతా కమ్మనివ్వాలని కాదు. అది చచ్చి అడుగున కుళ్లితే బీవోడీ మళ్లీ పెరుగుతుంది, పీకి చెరువుకు దూరంగా తీసేస్తేనే లాభం.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. స్క్రీన్‌షాట్ తీసుకున్నోళ్లు అది కొట్టేసి ఇది రాసుకోండి.